అక్షరాభ్యాసంలో నైతిక సమస్య

పసిపిల్లలకు అక్షరాలు నేర్పే విషయం మీద విమర్శ వ్యాసం దేనికని పాఠకులు అనుకోవచ్చు. అది ఒకటో తరగతి పంతులమ్మలు చూసుకునే పని. మహా అయితే బోధనా పద్ధతికి సంబంధించిన చర్చ. అందులో నీతి ప్రశ్న ఎక్కడిదని నేనూ చాలాకాలం అనుకున్నాను. తెలుగు ఎమ్మే చదివి, డిగ్రీ విద్యార్థులకు ప్రబంధాలూ ఆధునిక కవిత్వమూ చెప్పుకునే నాబోటివాడికి అ ఆలు ఎలా నేర్పుతారన్నది ఆలోచించదగ్గ విషయంగా తోచలేదు. తోచేట్టు చేసిన సంఘటన ఒకటి జరిగింది. అందులో తప్పు నాదే గనక దాన్ని దాచుకోవడం బాగుండదు.

నాలుగేళ్ళ కిందట రెండో సంవత్సరం బి.ఎ. తరగతిలో ఒక గద్యభాగం పైకి చదవమని ఒక అమ్మాయిని లేపాను. భారతకథకు సంబంధించిన పాఠం అది. ఆమె తడుముకోకుండా చదువుతున్నది. ఐతే సభ ఆమె నోట సబ అయింది. ధర్మం దర్మం అయింది. భీష్ముడు బీస్ముడు అయ్యేసరికి వెనక బెంచీల మీద నవ్వు మొదలయింది. నేను ఆ నవ్వును ఆపలేదు. పైపెచ్చు, "ఒత్తులు ఇంట్లో మరిచిపోయి వచ్చావా అమ్మా?" అన్నాను. నవ్వు పెద్దదయింది. ఆ అమ్మాయి పేరా పూర్తిచేసి కూర్చున్నది. ఆ సంవత్సరమంతా మళ్ళీ గొంతెత్తి చదవలేదు. ప్రశ్న అడిగితే లేచి నిలబడి తల వంచుకునేది. తర్వాత పరీక్ష కాగితాలు దిద్దుతున్నప్పుడు ఆమె జవాబులు నా చేతికి వచ్చాయి. సభ, ధర్మం, భీష్ముడు, ధృతరాష్ట్రుడు: ఎక్కడా ఒక్క ఒత్తు తప్పలేదు. ఆ రోజు నవ్విన కుర్రాళ్ళ కాగితాల్లో తప్పులు కోకొల్లలు.

మరి ఆ రోజు తరగతిలో నేను దిద్దినది దేన్ని? ఆమెకు భ అనే అక్షరం తెలుసు. దాన్ని ఎక్కడ రాయాలో తెలుసు. మాటకు అర్థం తెలుసు. చదవడం అనే క్రియలో ఇంకేమి మిగిలింది? ఆమె నోరు మిగిలింది. ఆమె తల్లీ తండ్రీ, వాళ్ళ తల్లీ తండ్రీ పలికిన పలుకు మిగిలింది. చదువు చెప్పే మిషతో నేను దాన్ని పట్టుకున్నాను.

ఈ పని నేను ఎక్కడ నేర్చుకున్నాను? ఎమ్మేలో ఎవరూ నేర్పలేదు. అది ఒకటో తరగతిలోనే నేర్చుకుని వుంటాననే అనుమానం కలిగింది. మా అక్క ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయిని. సెలవు పెట్టి రెండు రోజులు ఆమె బళ్ళో ఒక మూల కూర్చున్నాను.

గోడకు అక్షరాల పటం వేలాడుతున్నది. అటువంటి పటాలు మన పాఠకులందరూ చూసినవే. అ దగ్గర అమ్మ, ఆ దగ్గర ఆవు, ఇ దగ్గర ఇల్లు, ఈ దగ్గర ఈగ, ఉ దగ్గర ఉడుత. అంతవరకూ పటం ఆ పిల్లల ఇంటి చుట్టూనే తిరుగుతున్నది. ఋ దగ్గర గడ్డంతో ఋషి ప్రత్యక్షమవుతాడు. హల్లుల్లోకి దిగితే ఖ కు ఖడ్గం, ఛ కు ఛత్రం, ఢ కు ఢంకా, థ కు రథం, ధ కు ధనుస్సు, భ కు భటుడు, శ కు శంఖం. వరసపెట్టి చూస్తే అక్షరమాల మధ్యలో ఎవరో మహారాజు ఊరేగింపు వెళుతున్నట్టున్నది. పలక, మేక, కోడి, గంప, తట్ట ఆ ఊరేగింపుకు దారి ఇచ్చి పక్కన నిలబడ్డాయి.

అక్క బెత్తంతో, అంటే చూపించడానికి వాడే బెత్తంతోనే, ఖడ్గం బొమ్మ మీద పెట్టి ఇదేమిటని అడిగింది. "కత్తి" అన్నాడొక పిల్లవాడు. "కత్తి కాదు, ఖడ్గం. ఖ." ఛత్రం మీద పెడితే "గొడుగు" అన్నారు. ధనుస్సుకు "బాణం" అన్నారు. భటుడికి ఒకడు "పోలీసు" అన్నాడు, తరగతిలో అతి తెలివైన జవాబు అదేనని నా అభిప్రాయం. ఇక్కడ ఒక విషయం గమనించాలి. బొమ్మ పెట్టడంలో ఉద్దేశం ఏమిటి? పిల్లవాడికి తెలిసిన వస్తువు బొమ్మ చూపితే వాడు దాని పేరు పలుకుతాడు. ఆ పేరులోని మొదటి ధ్వనిని పట్టి అక్షరాన్ని గుర్తిస్తాడు. తెలిసిన దానినుంచి తెలియనిదానికి పోవడం. ఖడ్గం బొమ్మ చూసి కత్తి అన్న పిల్లవాడు ఈ పద్ధతిని తూచా తప్పకుండా పాటించాడు. వాడి లెక్కన ఆ అక్షరం క. వాడి తర్కంలో ఏ లోపమూ లేదు. లోపం వున్నదల్లా, తెలియనిదానినుంచి తెలియనిదానికి పొమ్మన్న పటంలో.

ఐతే పటం గీసినవాడిని తిట్టి లాభం లేదు. ఖ కు అతను కత్తి గీయలేడు, ధ కు దోసకాయ గీయలేడు. ఒత్తక్షరాలున్న అచ్చతెలుగు మాట కావాలంటే అతనికి దొరకదు. ఎందుకు దొరకదో చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో మొట్టమొదటనే చెప్పాడు. సంస్కృతానికి యాభై, ప్రాకృతానికి నలభై, తెలుగుకు ముప్పయ్యారు వర్ణాలని ఆయన లెక్క. ఖ ఘ ఛ ఝ మొదలైన ఒత్తు వర్ణాలూ, శ, ష, ఋ, విసర్గ తెలుగువి కావనీ, సంస్కృతంనుంచి వచ్చిన మాటలతో కూడి తెలుగులో వాడబడతాయనీ ఆయన స్పష్టంగానే సూత్రించాడు. గ్రాంథికవాదానికి మూలపురుషుడుగా మనం విమర్శించే పండితుడు చెప్పిన మాట ఇది. అంటే, భూమిని బూమి అనీ, భయాన్ని బయం అనీ పలికే పిల్ల సూరి లెక్కలో తెలుగు వర్ణాలనే పలుకుతున్నది. బాలల కోసం రాసిన వ్యాకరణంలోనే వాళ్ళ నోటికి ఇంత సాక్ష్యం వుండగా, దాన్ని చదివి పట్టాలు పుచ్చుకున్న మేము ఆ సాక్ష్యాన్ని ఎన్నడూ బయటికి తీయలేదు.

అక్షరం ఎలా వున్నదో అలాగే పలకాలి గదా, అది అందరికీ వర్తించే నియమమే గదా అని కొందరు మిత్రులు అంటారు. అందరికీ వర్తిస్తే నాకు పేచీ లేదు. వర్తిస్తున్నదా?

ఋషిని మనలో ఎవరు అచ్చుతో పలుకుతున్నారు? వేదం చదువుకున్న కుటుంబాలవారు కూడా మామూలు మాటల్లో రుషి అనే అంటారు. జ్ఞానం అనే మాటలో జకారాన్నీ ఞకారాన్నీ విడదీసి పలికిన ఉపన్యాసకుణ్ణి నేను చూడలేదు. గ్నానం అంటారు, గ్యానం అంటారు. ఫలం అనే మాటలో ఫకారం పకారానికి ఒత్తు; కాని ఇంగ్లీషు చదివిన మన నోళ్ళు దాన్ని కాఫీలోని ధ్వనితో పలుకుతున్నాయి. మన అక్షరాలకు లేని ధ్వనులూ మన నోళ్ళలో వున్నాయి. మేక అన్నప్పటి మే, మేలు అన్నప్పటి మే ఒకటి కావు. చాపలోని చ వేరు, చీమలోని చ వేరు. సూరి నాటికి దానికి రెండు గుర్తులుండేవి, ఈనాటి వాచకాల్లో ఒకటే మిగిలింది. కోస్తా శిష్టులు చెప్పాడు అనే మాట పలికేటప్పుడు ప్పా దగ్గర వినిపించే అచ్చుకు మన లిపిలో అక్షరమే లేదు. అందుకే ఒకరు చెప్పాడు అనీ, ఒకరు చెప్పేడు అనీ, మరొకరు చెప్ప్యాడు అనీ రాస్తూ వచ్చారు. ఇందుకు ఎవరూ ఎవరినీ బెంచీ ఎక్కించలేదు. ఇవేవీ తప్పులుగా లెక్కకు రావు.

కాబట్టి అక్షరానికీ ధ్వనికీ తేడా రావడం నేరం కాదు. కొందరి నోట వచ్చిన తేడా మాత్రం నేరం. పండితుడి నోట రుషి వాడుక అవుతుంది; కూలివాడి కూతురి నోట బూమి అపభ్రంశం అవుతుంది. ఈ రెండిటినీ విడదీసే గీత భాషాశాస్త్రంలో లేదు. అది ఊళ్ళో వున్నది. ఊరికీ వాడకూ మధ్య వున్న గీతే బళ్ళోకి వచ్చి పలక మీద పడింది.

నైతిక సమస్య ఇక్కడ మొదలవుతున్నది. తెలుగులో తప్పు అనే మాటకు ఒక విచిత్రమైన వ్యాప్తి వున్నది. లెక్కలో వచ్చే పొరపాటు తప్పు. నీతి మీరడం తప్పు. కులపంచాయతీ వేసే జరిమానా కూడా తప్పే. తప్పు వేశారు, తప్పు కట్టాడు అంటాం. ఈ మూడర్థాలూ పెద్దవాళ్ళకు వేరువేరుగా తెలుసు. అయిదేళ్ళ పిల్లకు తెలియవు. నీది తప్పు అని పంతులు అన్నప్పుడు ఆ పిల్ల ఒక సంకేతాన్ని అందుకోవడంలో పొరబడ్డానని అనుకోదు. తాను ఏదో చెడ్డపని చేశానని అనుకుంటుంది. ఆ చెడ్డపని తన ఇంట్లో అందరూ రోజూ చేస్తున్నదే అని కూడా సాయంత్రం ఇంటికి పోగానే తెలుస్తుంది. అమ్మ బువ్వ పెడుతూ బూమి అంటుంది. ఆనాటినుంచి ఆ పిల్లకు రెండే దారులు: బడిని నమ్మి తల్లిని చిన్నచూపు చూడడం, తల్లిని నమ్మి బళ్ళో నోరు మూసుకోవడం. మా తరగతిలోని అమ్మాయి రెండో దారి పట్టింది. మొదటి దారి పట్టినవాళ్ళం చాలామందిమి అధ్యాపకులమయ్యాం.

అక్షరానికీ ధ్వనికీ వున్న సంబంధం ప్రకృతి సిద్ధమైనది కాదు. నిప్పు కాలుతుందనే దానివంటి సత్యం కాదు అది. మనుషులు చేసుకున్న ఒడంబడిక. ఒడంబడికను పాటించమని అడగవచ్చు. కాని ఆ ఒడంబడిక చేసుకున్నప్పుడు ఎవరిని పిలవలేదో వాళ్ళనే దాన్ని భంగపరచిన దోషులుగా నిలబెట్టడం ఏ న్యాయం ప్రకారం? రుషి విషయంలో ఒడంబడికను సవరించుకునే హక్కు కొందరికి వున్నప్పుడు, బూమి విషయంలో ఆ హక్కు మిగతావారికి ఎందుకు లేదు?

ఆ ఒడంబడిక ఎలా అందుతూ వచ్చిందో చూడడం అవసరం. ఓనమాలు అనే మాటే చెబుతున్నది: మన దేశంలో పిల్లవాడు మొదట దిద్దినవి అక్షరాలు కావు, శివుడికీ సిద్ధులకూ నమస్కారం. అర్థం తెలియని మంత్రం మీద వేలు పెట్టించి దిద్దించడంతో చదువు ప్రారంభమయ్యేది. మద్రాసు గవర్నరు మన్రో వీధిబడుల వివరాలు సేకరించమని 1822లో కలెక్టర్లకు ఉత్తరువులిచ్చినప్పుడు, బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823లో పంపిన నివేదిక ప్రసిద్ధమైనది. తెలుగు వ్యాకరణం రాసినవాడు గనక అతను విషయం తెలిసి రాశాడు. ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు, అందులో ఆడపిల్లలు 60 మంది. పిల్లలు నేల మీద ఇసకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పేవారు. ఆ పద్ధతిని అతను మెచ్చుకున్నాడు, ఇంగ్లండు దాన్ని అనుకరించిందని కూడా రాశాడు. నిజమే, మద్రాసులో పనిచేసిన ఆండ్రూ బెల్ మన వీధిబడి ఇసకను చూసి, 1797లో లండనులో పుస్తకం అచ్చువేసి, అక్కడి పేదపిల్లల బడులకు దాన్ని అందించాడు. కాని కాంబెల్ మెచ్చనిది కూడా వున్నది. పిల్లలు వల్లించేవి కావ్యభాషలోని పుస్తకాలు, వాళ్ళు మాట్లాడుకునే భాషకూ దానికీ పొత్తు లేదు, అర్థం తెలియకుండా చిలకల్లా అప్పగిస్తారు అని అతని ఫిర్యాదు. తన ప్రభుత్వం పన్నులు పిండి ఆ బడులను ఎండగట్టిన సంగతి కూడా అదే నివేదికలో అతను దాచలేదు. వలస పాలకుడి మాట గనక తోసిపుచ్చుదామనుకునే దేశభక్తులకు మనవి: పోయినవి మంచి బడులు కావచ్చు, కాని ఆ ఇసకలో వేలు పెట్టే హక్కు లేని పిల్లల సంఖ్య ఆ లెక్కల్లో కనిపించదు.

అర్థం లేని ధ్వనిని వల్లించడం నేర్చినవాడికి ధ్వనే పవిత్రమవుతుంది. మంత్రంలో ఉచ్చారణ తప్పితే ఫలం చెడుతుందనే నమ్మకం మనకు ఏ నాటిదో. బళ్ళు సర్కారువయ్యాయి, ఇసక పోయి పలక, పలక పోయి నోటు పుస్తకం వచ్చాయి. మంత్రం భయం మాత్రం అక్షరంలోనే వుండిపోయింది. తెలుగు చెప్పేవాడు ఒత్తు కోసం ఉరిమినట్టు లెక్కలు చెప్పేవాడు హెచ్చవేతల కోసం ఉరమకపోవడానికి కారణం ఇదేనని నేననుకుంటున్నాను.

మరి పరిష్కారం? మన వైపు మిత్రులు రెండు సులభమైన దారులు చూపుతుంటారు.

మొదటిది, ఆ అక్షరాలను తీసేయడం. రష్యాలో జరిగింది గదా అంటారు. నిజమే. పాత రష్యన్ లిపిలో యాత్ అనే అక్షరం వుండేది. దాని ధ్వని చాలాకాలం కిందటే మరో అక్షరం ధ్వనిలో కలిసిపోయింది. ఏ మాటలో ఏ అక్షరం రాయాలో బడిపిల్లలు జాబితాలు కంఠతా పట్టి, తప్పితే దెబ్బలు తినేవారు. విద్యావంతుణ్ణి పామరుణ్ణించి వేరుచేయడానికి పనికివచ్చిన అక్షరం అది. 1917-18 సంస్కరణతో అది పోయింది. పథకం పాత విద్వత్పరిషత్తు పండితులదే, అమలుపరచే తెగువ మాత్రం విప్లవానిది. కాని యాత్‌ను ఎవరూ వేరుగా పలికేవారు కాదు గనక దాన్ని తీసేస్తే ఎవరి నోటికీ వెలితి కలగలేదు. మన భకారం అలా కాదు. దాన్ని పలికేవారు వున్నారు; పుస్తకాలన్నీ దానితో అచ్చయి వున్నాయి. రేపు సర్కారు వాచకంలోంచి దాన్ని తీసేస్తే డబ్బు కట్టే బడుల్లో అది భద్రంగా వుంటుంది. అప్పుడు పేదపిల్లకు పలకడమే కాదు, చదవడం కూడా రాదు. గ్రంథాలయం తలుపు మూసి, నీ భాషను గౌరవించాం అని చెప్పినట్టవుతుంది. అక్షరాన్ని చూపి భయపెట్టడం ఒక రకం పెత్తనమైతే, నీకెందుకులే అని దాచడం మరో రకం.

రెండో దారి ఈనాడు బలంగా వున్నది: ఇంగ్లీషు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో సర్కారు బడులను ఒకటో తరగతినుంచీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చాలని ఉత్తరువిచ్చింది; 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. తెలంగాణ 2022-23నుంచి ఆ దారిలోనే నడిచింది. కంచ ఐలయ్య వంటివారు దళిత బహుజన పిల్లలకు ఇంగ్లీషే కావాలని ఎప్పటినుంచో వాదిస్తున్నారు. దీన్ని కేవలం ఉద్యోగాల మోజు అని తెలుగు పండితులు ఈసడించడం నాకు నచ్చదు. ఇంగ్లీషు లిపిలో అక్షరం పేరొకటి, ధ్వని మరొకటి; డబ్ల్యు అనే పేరులో వకారం ఎక్కడున్నదో పిల్లవాడు జీవితాంతం వెతుక్కోవచ్చు. అమెరికాలో అక్షరధ్వనులు ముందా, మాట రూపం ముందా అని రుడాల్ఫ్ ఫ్లెష్ 1955లో పుస్తకం రాసిన దగ్గరనుంచి రచ్చ జరుగుతూనే వున్నది. అంత గందరగోళపు లిపిని మన పేదలు ఎందుకు కోరుతున్నారు? దాని ముందు పెద్ద కులం పిల్లవాడూ చిన్న కులం పిల్లవాడూ ఒకే విధంగా తెల్లమొహం వేస్తారు గనక. అక్కడ తప్పు అంటే పొరపాటే, పుట్టుక కాదు. తెలుగు అక్షరం ఈ మాత్రం న్యాయం చూపలేకపోయిందని అంగీకరించకుండా మాతృభాష మాధుర్యం గురించి ఉపన్యసించడం దంభం. అయినప్పటికీ ఆ దారి చివరిదాకా పోదు. ఇంగ్లీషులోనూ మంచి ఉచ్చారణ కొనుక్కోవలసిన సరుకే. ఊళ్ళో గీత అక్కడ ఫీజు గీతగా మారుతుంది. ఇంటి మాటకు అసలు అక్షరమే లేకుండా పోతుంది.

అక్షరం మాటనుంచి వేరుపడకుండా నేర్పిన ఉదాహరణలు లేకపోలేదు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో వుండి, తనది కాని సవర భాష నేర్చుకుని, ఆ పిల్లల కోసం వాళ్ళ మాటల్లోనే వాచకాలు రాసి బడులు నడిపాడు. వ్యావహారిక భాషోద్యమానికి నాయకుడైనది ఆ తర్వాతే అని మనం మరిచిపోతుంటాం. సవర పిల్లల నోరు విన్న చెవితోనే ఆయన తెలుగు పిల్లల నోరు విన్నాడు. బ్రెజిల్‌లో పాలో ఫ్రెయిరె పెద్దవాళ్ళకు చదువు చెప్పినప్పుడు అక్షరమాలతో మొదలుపెట్టలేదు. వాళ్ళు రోజూ మోసే ఇటుక అనే మాటతో మొదలుపెట్టాడు. వాళ్ళ భాషలో దాన్ని తిజోలో అంటారు. ముందు ఇటుక ఎవరు చేస్తారు, ఇల్లు ఎవరిదవుతుంది అని మాట్లాడుకునేవారు. తర్వాత ఆ మాటను మూడు ముక్కలు చేసి, త తె తి తొ తు అని ప్రతి ముక్కకూ వరస కట్టేవారు. ఆ వరస చూస్తే తెలుగువాడికి నవ్వు వస్తుంది. అది మన గుణింతమే. 1963లో అంజికోస్ అనే ఊళ్ళో 300 మంది శ్రామికులకు ఈ విధంగా కొద్ది వారాల్లో చదువు నేర్పితే, 1964లో సైన్యం అధికారం పట్టుకోగానే ఆయనను జైల్లో పెట్టింది. గుణింతానికి ఎవరూ భయపడరు; ఇటుకతో కలిసిన గుణింతానికి భయపడ్డారు.

అంతదూరం పోనక్కరలేదు. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత కార్యక్రమపు వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం వుండేది. తాగుడువల్ల పాడైన సంసారం కథ అది. దాన్ని చదివిన దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా దుకాణం మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా వ్యాపించి 1993 అక్టోబరు 1నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ ఆడవాళ్ళలో ఎంతమంది సంఘాన్ని సంగం అన్నారో ఎవరూ లెక్కపెట్టలేదు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో పల్లెజనం నోట ఆంధ్రమహాసభ సంగమే అయింది. ఒత్తు లేనందువల్ల దాని బలం తగ్గలేదు.

ఇవి పెద్దవాళ్ళ సంగతులని, పసిపిల్లలకు సారా, ఇటుకలు ఎక్కడ చెబుతామని అక్క అడిగింది. ఆమెది సరైన ప్రశ్న. పిల్లలకు మేక చాలు. ఐతే మేక తర్వాత భకారం రాక తప్పదు. అది వచ్చిన రోజున ఏమి చేయాలన్నదే అసలు ప్రశ్న.

నాకు తోచినది చెబుతాను. భూమి అని రాసివున్న చోట పిల్ల బూమి అని చదివితే ఆ పిల్ల చదివింది. అంతే. దిద్దవలసినదేమీ లేదు. రాసేటప్పుడు బూమి అని రాస్తే, ఈ మాటకు ఇక్కడ ఒత్తు పెట్టి రాయడం వాడుక, పెట్టు, అని చెప్పాలి. మిగతా అందరూ రుషిని ఋషి అని రాస్తున్నారే, అలాగే. ఒత్తు పలకడం మూడో నాలుగో తరగతిలో నేర్పవచ్చు, ఇంకొక భాషలోని ధ్వనిని నేర్పినట్టు, సరదాగా, సిగ్గుకు తావులేకుండా. కొంతమందికి వస్తుంది, కొంతమందికి రాదు. రానివాళ్ళకు మార్కులు తగ్గవలసిన పని లేదు.

ఇక్కడ నా వాదానికి ఒక ఇబ్బంది వున్నది. ళకారం సంస్కృతం సొమ్ము కాదు. సూరి ముప్పయ్యారులో అది వున్నది. కొన్ని ప్రాంతాల, కొన్ని ఇళ్ళ పిల్లలు దాన్ని లకారంగా పలుకుతారు. కళ్ళు కల్లు అవుతాయి. ఒకటి చూసేది, రెండోది తాగేది. ఇక్కడ ధ్వని తేడాతో అర్థం మారిపోతున్నది గనక ఊరుకోవడం కుదరదు అంటారు అక్క బళ్ళోని పెద్ద పంతులుగారు. నేను రెండు రోజులూ చెవి పెట్టి విన్నాను. నా కల్లు మండుతున్నయి టీచర్ అని ఒక పిల్లవాడు ఏడిస్తే, వాడు తాగి వచ్చాడని ఎవరూ అనుకోలేదు. అక్క వాడి కళ్ళు కడిగింది. రాతలో మాత్రం తేడా చూపక తప్పదు. చదివేవాడి ముందు పిల్లవాడి కళ్ళు వుండవు. కాబట్టి ళ విషయంలో కొంచెం ముందుగానే, కొంచెం ఎక్కువగానే చెవికి పని పెట్టాలని ఒప్పుకుంటాను. ఐతే అప్పుడు కూడా, అర్థం మారుతుంది కాబట్టి నేర్పుతున్నాం అనే కారణం పిల్లవాడికి చెప్పాలి. చెబితే అర్థం చేసుకుంటాడు. చెప్పలేని కారణంతో చేసే దిద్దుబాటునే నేను ప్రశ్నిస్తున్నది.

అధికారి తనిఖీకి వచ్చి పిల్లల చేత చదివించినప్పుడు ఈ వాదాలేవీ వినడని అక్క అన్నది. "నువ్వు పత్రికలో రాస్తావు తమ్ముడూ, మెమో నాకొస్తుంది." దీనికి నా దగ్గర సమాధానం లేదు. ఉపాధ్యాయ సంఘాలు జీతాల గురించీ బదిలీల గురించీ తీర్మానాలు చేసినట్టు, పిల్లల ఉచ్చారణను ఏ ప్రాతిపదిక మీద అంచనా కట్టాలన్న దాని మీద కూడా ఒక తీర్మానం చేస్తే బాగుంటుందని మాత్రం అనుకున్నాను. ఒంటరి పంతులమ్మ చేత చేయించే సాహసం కాదిది.

మొదట చెప్పిన అమ్మాయి డిగ్రీ ముగించి ఇప్పుడు ఉపాధ్యాయ శిక్షణలో వున్నది. మొన్న ఏదో సర్టిఫికెట్ కోసం కళాశాలకు వచ్చింది. ఆనాటి మాటకు నేను క్షమాపణ చెప్పుకున్నాను. "అది ఎప్పుడో పోయింది లెండి సార్" అని, వెంటనే తన పని మీదికి వచ్చింది. వచ్చే నెలలో ఏదో బడికి పాఠాలు చెప్పడానికి పంపుతారట. "పిల్లలకు ఘ చెప్పాలి గదా సార్, నాకే రాదు. ఎట్లా?"

అరచెయ్యి నోటికి ఎదురుగా పెట్టుకోమన్నాను. ముందు క అనమన్నాను, తర్వాత ఖ. రెండోదానికి గాలి చేతికి తగలాలి. మూడు నాలుగు సార్లు తగలలేదు. అయిదోసారి తగిలింది, ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని చూసుకున్నది, అందులో ఏమైనా వున్నదేమోనన్నట్టు. ఘ కు ఇంకొంచెం సేపు పట్టింది. ఆ వరసలోనే మిగతావి కూడా వచ్చాయి, ఢ తప్ప. "బాగుంది సార్, పిల్లలకు ఆటలాగ వుంటది" అన్నది. తర్వాత గోడ మీది క్యాలెండరులో ఎవరో ఋషి బొమ్మ చూసి, "మరి ఋ?" అని అడిగింది.

అది నాకూ రాదని చెప్పాను.